ఖాళీ మంచం

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో ఫ్లాటు తలుపు తీసిన రాజేశం, వచ్చిన మాధవరావును మంచం అద్దెకు వెతుక్కుంటున్న మనిషనుకున్నాడు.

"లోపటికి రా అన్నా, ఒకటి ఖాళీ ఉంది."

ఒకే గదిలో పన్నెండు మంచాలు. మరుగుదొడ్డి పొంగి మురుగు వంటింట్లోకి పారుతోంది. ఆ పక్కనే ఒకతను అన్నం తింటున్నాడు.

మాధవరావు ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఈ రోతలో ఎలా ఉంటున్నారయ్యా? ఓనరుకు చెప్పలేదా?"

"ఏజెంటుకు మస్తు సార్లు చెప్పినం. ఓనరు మన తెలుగాయనేనట, అబుదాబిల ఉంటడట. ఒక్కసారన్న వచ్చి చూస్తె ఆయనకే సిగ్గయితది."

"నిజమే," అన్నాడు మాధవరావు. రాజేశం ఇచ్చిన చాయ్ ముట్టకుండా కిందికి దిగాడు.

కారులో కూర్చుని ఏజెంటుకు ఫోన్ చేశాడు. "నా ఫ్లాటు చూశానండీ. వెంటనే అమ్మకానికి పెట్టండి. ఫొటోలు మాత్రం నేను కొన్నప్పటివే పెట్టండి."