అక్కడ ఎంత?

కూడిక మూడోసారి తప్పింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

"అంకెలు పక్కన పెట్టి ఆ పాల సంగతి చూడొచ్చుగా!" అన్నాడు భర్త.

"ఇవి ఇక్కడి పాలు. నాకు కావలసింది అక్కడి పాల ధర," అంది ఆమె, మసిగుడ్డతో గట్టు తుడుస్తూ.

అతను మందుల గోడౌన్‌లో స్టోర్‌కీపర్. వేరే రాష్ట్రంలో ఉన్న గోడౌన్‌కి వెళ్తే జీతం ఆరు వేలు పెంచుతామని కంపెనీ ఉత్తరం పంపింది. బలవంతమేమీ లేదు, ఇష్టమైతేనే. ఏ సంగతీ శుక్రవారంలోగా చెప్పాలి.

ఆరు వేలు వినడానికి బాగానే ఉన్నాయి. అక్కడి ఖర్చులు వాటిని మింగేస్తేనో?

రెండు రోజులుగా ఆమెకి కూర్చుంటే లేవాలనీ, లేస్తే కూర్చోవాలనీ ఉంది. నోటు పుస్తకంలో నిలువుగా ఓ గీత గీసి ఒక పక్క 'ఇక్కడ', రెండో పక్క 'అక్కడ' అని రాసుకుంది. 'ఇక్కడ' కింద అద్దె, పాప బడి, అత్తగారి మందులు, అన్నీ ఎక్కాయి. 'అక్కడ' కింద తెల్లకాగితమే.

"వెళ్లేది మనమా, ఆ పుస్తకమా?" అన్నారు అత్తగారు మంచం మీంచి.

ఉత్తరం పైన అక్కడి గోడౌన్ సెల్ నంబరుంది. ఉండబట్టలేక ఫోను చేసేసింది. ఎవరో పెద్దాయన ఎత్తారు.

"నేను ఇక్కడి స్టోర్‌కీపర్ భార్యనండీ. మీ దగ్గర పాలు లీటరు ఎంత?" అని అడిగేసి నాలుక కరుచుకుంది.

పెద్దాయన నవ్వలేదు.

"ఏ పాలమ్మా? ప్యాకెట్టా, పోయించుకునేవా?" అన్నారు.

అంతే, ఇక ఆమెకి పట్టపగ్గాల్లేవు. రోజుకి నాలుగుసార్లు ఫోను. కూరలు, గ్యాసు, కరెంటు, బడి బస్సు. తెలియనివి ఆయన సాయంత్రం బజారుకెళ్లి కనుక్కుని మర్నాడు చెప్పేవారు. ఇంట్లో ఆయనకి 'ధరల బాబాయి' అని పేరు పడిపోయింది.

"మెయిన్ రోడ్డు మీద ఇల్లు తీసుకోకండమ్మా, పదిన్నర వేలు పోయాలి. బడి వెనక వీధుల్లో ఎనిమిదిన్నరకి దొరుకుతాయి. పాప నడిచి వెళ్తుంది, బస్సు ఖర్చు తప్పుతుంది. తాగే నీళ్లు మాత్రం కొనుక్కోవాలి. అది రాసుకోండి, అందరూ మర్చిపోతారు."

భర్తకి ఇదేమీ మింగుడు పడలేదు.

"ఊరికే ఇంత ఎవరు చెప్తారే? బ్రోకరై ఉంటాడు."

"గోడౌన్‌లో బ్రోకరేంటండీ!"

"పగలు గోడౌన్, సాయంత్రం బ్రోకరు. రేపో మాపో అడ్వాన్సు పంపమంటాడు, చూస్తూ ఉండు."

గురువారం ధరల బాబాయి మొదటిసారి తనే ఒకటి అడిగారు.

"అమ్మా, మీ ఊళ్లో ఇద్దరు మనుషులకి సరిపడా చిన్న ఇల్లు ఎంతలో దొరుకుతుంది? ఇంటి ఖర్చు నెలకి ఎంతవుతుంది?"

ఆ లెక్క ఆమెకి కంఠతా వచ్చు. చెప్పబోయింది. పక్కనున్న భర్త కళ్లురిమి, వద్దని చెయ్యి ఊపాడు.

"మన గుట్టు లాగుతున్నాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"మాది సొంతిల్లండీ. అద్దెల సంగతి తెలీదు," అంది ఆమె, అద్దె ఇంటి వంటగదిలో నిలబడి.

అవతల కాగితం మడిచిన చప్పుడైంది.

"పర్లేదమ్మా. అన్నట్టు, గ్యాసు బండ ఇంటికి తెచ్చినందుకు ఇంకో యాభై ఇవ్వాలి. రాసుకున్నారా?"

రాసుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మళ్లీ చేసి చెప్పేద్దామని ఫోను తీసింది, పెట్టేసింది, తీసింది, పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే లెక్క తేలింది. అన్నీ పోను నెలకి తొమ్మిది వందల మిగులు. శుక్రవారం పొద్దున్నే భర్త సరేనని సంతకం పెట్టేశాడు.

నెల తిరక్కుండా సామాను దిగింది. బడి వెనక వీధి, ఎనిమిదిన్నర వేల అద్దె. అడ్వాన్సని గానీ కమీషనని గానీ మధ్యలో ఎవరూ రాలేదు.

భర్త కొత్త గోడౌన్‌కి వెళ్లిన మొదటి రోజు, పాల ప్యాకెట్టు కొని చిల్లర చూసుకునేసరికి ఆమె ముఖం చేటంతయింది. ఇంటికి చేరేదాకా కూడా ఆగలేక, వీధిలోంచే అలవాటైన నంబరు నొక్కింది.

"బాబాయిగారూ, పాలు మీరు చెప్పినంతే! మావారు అక్కడికే వచ్చారు, కలిశారా? మీరూ పిన్నిగారూ ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలి. ఇంకోటండీ, ఆ రోజు అద్దె సంగతి నేను..."

"నేనే," అన్నాడు భర్త.

"మీరెందుకు ఎత్తారు? ఆయనకివ్వండి!"

"ఇది స్టోర్‌కీపర్ ఫోనట. తాళాలతో పాటు నాకిచ్చారు."

ఫోను పెట్టేయకుండానే అతను వాచ్‌మన్‌ని అడగడం వినిపించింది.

"ఇదివరకు ఈ ఫోను ఎత్తిన పెద్దాయన ఏరీ?"

"మా పాత స్టోర్‌కీపర్ గారు సార్. మీరు రానంటే ఆయన ఇక్కడే ఉండేవారు. మీరు సరే అన్నారు కదా, మీ పాత కుర్చీలోకి ఆయన్ని వేశారు. ధరలు కాస్త పెంచి చెప్పండి, వాళ్లే మానుకుంటారని మేమంతా అన్నాం. ఒక ఇల్లాలికి దొంగ లెక్క ఎలా చెప్తానన్నారు."

"భార్యతో వెళ్లారా?" అని అడిగాడు భర్త.

"లేద్సార్. అక్కడి జీతంతో ఇద్దరికి గడుస్తుందో లేదో చెప్పేవాళ్లు దొరకలేదట, అమ్మగారిని ఇక్కడే చెల్లెలింట్లో వదిలి ఒక్కరే వెళ్లారు."