తేనెరంగు మేగజీన్

మిద్దె మీంచి ఇస్రాయేలు జారవిడిచిన, తుపాకికి తూటాలు నింపే ఖాళీ మేగజీన్ వాకిట్లో బండ మీద పడి, ఎగిరి, జానయ్య కాళ్ల దగ్గర ఆగింది.

"పలిగిందా?" పైనుంచి అడిగాడు ఇస్రాయేలు.

జానయ్య దాన్ని ఎండకు ఎత్తి, తిప్పి చూశాడు. "లేదు. గీతలు వడ్డయి గంతే. నల్లది గట్టిగనే ఉంది."

"ఇగ రెండోది. జర పక్కకు జరుగు."

రెండోది తేనెరంగుది. లోపల ఎన్ని తూటాలున్నాయో బయటికే కనబడే రకం. అది పడినప్పుడు చప్పుడు వేరుగా వచ్చింది. తూటా పైకి వచ్చే మూతి దగ్గర వెంట్రుకంత పగులు.

"జూసినవా? నేను సెప్పలే!" మెట్లు దిగుతూ అన్నాడు ఇస్రాయేలు.

"గంత మీదికెల్లి పారేస్తే ఏదైనా పలుగుతది. ఇసుకల పొర్లించినం, నీళ్లల్ల ముంచినం, స్ప్రింగు పట్టేసిందా? లోపల ఎన్ని గుండ్లున్నయో కండ్లకు కనవడ్తయి. మంచిదే ఇది."

"దాన్ని ఏమన్నంటే నీకు కోపమొస్తది."

"కోపమెందుకు? ఉన్నమాట అంటున్న."

1998 ఎండాకాలం. మహబూబ్‌నగర్ పోలీసు క్వార్టర్లలో ఇస్రాయేలు ఇల్లు. కొత్త తుపాకులకు ఇనుప మేగజీన్లు బరువవుతున్నాయి, వానల్లో తుప్పు పడుతున్నాయి, సొట్ట పడితే తూటా ఇరుక్కుంటోంది. ప్లాస్టిక్‌వి రెండు రకాలు చూసి, ఏది నమ్మదగిందో తేల్చమని పై అధికారుల నుంచి ఉత్తర్వు వచ్చింది. మైదానంలో పేల్చి చూడటం అయిపోయింది. ఎండకు, దెబ్బకు ఏది తట్టుకుంటుందో చూసి చెప్పమని ఇన్‌స్పెక్టర్ ఖాళీవి ఇస్రాయేలు చేతికిచ్చాడు. "జానయ్యను గూడ అడుగు. అతనికి తెలుసు" అని కూడా అన్నాడు.

జానయ్య చాలా ఏళ్లు అడవుల్లో నక్సలైట్ల దళంలో తుపాకి మోసినవాడే. లొంగిపోయి బయటికొచ్చాక సైకిల్ దుకాణం పెట్టుకున్నాడు. క్వార్టర్ల ఎదురుగా జాగా చూపించింది కూడా పోలీసు సార్లే. ఆదివారం దుకాణం మూసి ఇస్రాయేలు ఇంట్లో భోజనం చేయడం అతనికి అలవాటైంది.

"ఇగ సాలు గని తినుండ్రి. రొట్టెలు సల్లారుతున్నయి" అని లోపలి నుంచి లీలమ్మ పిలిచింది. చర్చి నుంచి రాగానే కోడికూర వండి, జొన్నరొట్టెలు చేసింది.

ఇద్దరూ కూర్చున్నారు. ఇస్రాయేలు పక్కన పెట్టిన, పగిలిన తేనెరంగు మేగజీన్ చూసి లీలమ్మ మొహం మారింది.

"గిసొంటిదేనా, ఆ దినం అమ్రాబాద్ అడవిల నిన్ను ముంచింది?"

"గిసొంటిదే. అప్పుడు కొన్ని ఇచ్చి సూస్తుండ్రి" అన్నాడు ఇస్రాయేలు. "వాగు దాటంగ రాయికి తగిలింది. పలిగింది నేను సూసుకోలే. తలెత్తేసరికి అవతలి గట్టు మీద మనిషి. గురిపెట్టి కొట్టిన. టక్కుమన్నది, గంతే. గుండు పైకి రాలే."

"వాని చేతుల తుపాకి?" ఎన్నిసార్లు విన్నా లీలమ్మ ఈ మాట అడగకుండా ఉండలేదు.

"నా ఛాతికే ఉండె. ఒక్క ఏలు కదిలిస్తే నేను లేను. జర సేపు నన్నే జూసిండు. 'పో' అన్నడు. తుపాకి దించి చెట్లల్లకు వోయిండు."

లీలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇయ్యాల గూడ చర్చిల ఆ మనిషి కోసం ప్రార్థన జేసిన. ఏ తల్లి కన్నదో, ఏడున్నా సల్లగుండాలె."

జానయ్య రొట్టె తుంచుకున్నాడు.

"ఇంకింత కూర ఏసుకో అన్నా. నువ్వు గూడ ఆ దినం ఆడనే ఉంటివంట గద?" అంది లీలమ్మ.

"ఉంటి."

"మరి సెప్పు. రేపు మా తమ్ముడు నర్సింహ ఆ అడవికే పోలీసు డ్యూటీకి పోతాండు. వాని చేతికి ఏది ఇయ్యమంటవు?"

ఇస్రాయేలు నవ్వాడు. "ఆయన్నెందుకు అడుగుతవ్? పొద్దటి సంది తేనెరంగు దాన్నే మెచ్చుకుంటాండు."

జానయ్య చెయ్యి ఆగింది. పక్కనున్న ఆ మేగజీన్ వైపు ఒకసారి చూశాడు.

"నల్లది ఇయ్యమను" అన్నాడు.

"అదేంది? నీకు ఇష్టమైంది అది గాదు గద!" అన్నాడు ఇస్రాయేలు.

"నా ఇష్టం వేరు, పిల్లగాని పానం వేరు. తేనెరంగుది మూతికాడ నాజూకు. రాయికి తగిలితే దాన్ని నమ్మొద్దు. సార్‌కు గట్లనే సెప్పు, ఇస్రాయేలూ. నా మాటగా గూడ సెప్పు."

లీలమ్మ ఊపిరి పీల్చుకుని, అతని పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. వద్దనకుండా తిన్నాడు జానయ్య. తమ్ముడి పెళ్లికి ఈ ఏడాదే సంబంధం చూడాలంది లీలమ్మ. కేతేపల్లిలో తనకు తెలిసినవాళ్లున్నారు, అడుగుతానన్నాడు జానయ్య. మాటల్లో ఎండ వాలిపోయింది.

వెళ్లేముందు జానయ్య పగిలిన మేగజీన్ చేతిలోకి తీసుకున్నాడు. దానికంటిన మట్టిని భుజమ్మీది తువ్వాలతో మెల్లగా తుడిచి, అరుగు మీద పెట్టి, సైకిలెక్కాడు.

అతను మలుపు తిరిగేదాకా చూసి లీలమ్మ అడిగింది. "పలిగిపోయేదాని మీద అన్నకు గంత ప్రేమ ఎందుకయ్యా?"

ఇస్రాయేలు అరుగు మీది మేగజీన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని జానయ్య తన దగ్గర తీసుకున్న మాట ఒకటుంది. కానీ ప్రార్థనలు చేసే మనిషికి, ఎవరికోసం చేస్తున్నదో తెలియాలి కదా అనిపించింది.

"ఆ దినం నేను గురిపెట్టింది జానయ్యకే."