ఇంగ్లీషులో అయితే చెప్పగలరు

మా బామ్మర్దిని నా కళ్ళజోళ్ళ షాపులోంచి తీసెయ్యాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ఎడమ అద్దం కుడివైపు బిగించేస్తాడు. అది పెట్టుకున్నవాళ్ళు షాపు మెట్లు కూడా తిన్నగా దిగలేరు. కానీ తెలుగులో మొదలుపెడితే "ఏరా, తిన్నావా" దగ్గరే నా కోపం చల్లారిపోతుంది.

"ఇంగ్లీషులో చెప్పండి, జాలి అడ్డురాదు," అంది మా ఆవిడ. చెప్పాల్సింది తనే రాసి చేతిలో పెట్టింది.

పొద్దున షాపు తెరవగానే వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఆ చీటీ గడగడా చదివేశాను. సోమవారం నుంచి మీ సేవలు మాకు అవసరం లేదు. నా గొంతు ఎక్కడా వణకలేదు. ఎవరో ఆఫీసరు మాట్లాడుతున్నట్టుంది.

వాడు జేబులోంచి తనూ ఒక చీటీ తీసి, ఇంగ్లీషులోనే చదివాడు. ఈత నేర్పే ఉద్యోగం వచ్చిందట, సోమవారం నుంచి పనిలోకి రాలేడట. వాడి గొంతూ వణకలేదు.

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదరా."

"మానేస్తానని మూడేళ్ళుగా చెబుదామనే వస్తున్నాను బావా. మీరు తిన్నావా అనగానే నోరు పెగిలేది కాదు."

వాడి చీటీ లాక్కున్నాను. నా చీటీలో ఉన్న ఆకుపచ్చ ఇంకే. రెండూ పక్కపక్కన పెడితే చిరిగిన అంచులు అతికినట్టు కలిశాయి.

"ఉండు, మీ అక్కని ఇప్పుడే కడిగేస్తాను," అని ఫోన్ తీశాను.

"ఏ భాషలో బావా?" అన్నాడు వాడు.