చుక్క డీజిల్

"నిన్న పొద్దుమీకి 'నో స్టాక్' బోర్డు పెట్టినవ్. తెల్లారేసరికి రేటు పెరిగింది, నీ బంకుల డీజిల్ వచ్చింది. నడిమిట్ల ట్యాంకర్ ఎప్పుడొచ్చింది సేటూ?"

భూమేశ్ అరుపుకు బంకులో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కారు కిరాయికి నడిపే మనిషి అతను.

బంకు యజమాని మహిపాల్ కుర్చీలోంచి లేవలేదు. "నచ్చితే కొట్టించుకో. లేకుంటే కారు నెట్టుకపో."

"ఇగ సచ్చేదాక నీకాడ చుక్క డీజిల్ కొంటే, నీ చెప్పు తీసి నన్ను కొట్టు! అందరి ముంగట అంటున్న."

"యాది పెట్టుకుంట," అన్నాడు మహిపాల్.

భూమేశ్ అన్నంత పనీ చేశాడు. ఏ బంకులో పోయించినా పెరిగిన రేటే. కిరాయి పెంచుదామంటే, వారానికి మూడుసార్లు తన కారులో డయాలసిస్‌కు వచ్చే సుగుణమ్మలాంటి వాళ్లు ఎక్కడినుంచి తెస్తారు? నెల తిరక్కుండా డీజిల్ కారు అమ్మేశాడు. అది చాలకపోతే చనిపోయిన భార్య పుస్తెలతాడు కూడా అమ్మి కరెంటు కారు తెచ్చాడు. ఆ బంకు ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ, మహిపాల్ తలెత్తి చూసేదాకా హారన్ కొట్టాడు.

ఒక రాత్రి గాలివానకు స్తంభాలు పడిపోయాయి. ఇంటి దగ్గర ఛార్జింగ్ మధ్యలోనే ఆగింది. 'ఎట్లనన్న చేరుతదిలే' అనుకుని పొద్దున్నే సుగుణమ్మను ఎక్కించుకుని బయలుదేరాడు. చేరలేదు. మహిపాల్ బంకు కనబడేంత దూరంలో కారు ఆగిపోయింది.

చెయ్యెత్తితే ఒక్క బండీ ఆగలేదు.

"పది గంటలకు మిషన్ మీద పండకపోతే నాకు ఊపిరాడదు బిడ్డా," అంది సుగుణమ్మ, వాచిన కాళ్లు పట్టుకుని. "బస్సెక్క చాతకాదు. అగో, ఆ బంకుల కార్లకు ఛార్జింగ్ పెడుతున్నరని బోర్డున్నది గదా?"

"ఆని మొఖం సూడ అవ్వా."

"నా మొఖం సూడు."

చూశాడు. దిగాడు. పొలానికి పోతున్న ఇద్దరు కూలీలు చెయ్యి వేస్తే, పళ్లు కొరుకుతూ కారును బంకులోకి నెట్టాడు. కొనేది కరెంటే కదా, డీజిల్ కాదు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు.

ఈసారి మహిపాల్ కుర్చీలోంచి లేచాడు. "ఏమిరా భూమేశూ, నెట్టుకపొమ్మంటే నెట్టుకొచ్చినవ్?"

"ఛార్జింగ్ పెట్టు. ఎంతయితే గంత తీస్కో."

"పెడత. ఎందుకు పెట్ట?"

మహిపాల్ తీరిగ్గా వంగి, కుడికాలి చెప్పు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ చెప్పుతోనే మూలనున్న జనరేటర్‌ను చూపించాడు.

"కరెంటు రాత్రే పాయె. ముందుగాల దాంట్ల నాలుగు లీటర్ల డీజిల్ పోయించు."