అడగొచ్చిన మనిషి

"అడగొచ్చేటోళ్లను వద్దంటె ఎట్ల? అడిగి పోతెనే పెండ్లయితదా?" పరశురాం ఈ మాట అనడం అది మూడోసారి.

"అయితది నాయినా. అక్కకు గట్లనే అయింది" అంది కూతురు వర్షిత.

"ఏడుపాయల జాతరల నిన్ను చూసి మెచ్చిండ్రు. అల్లాదుర్గం కెల్లి వాళ్ల మనిషొచ్చి వాడకట్టుల నాలుగు ముచ్చట్లు అడిగి పోతడట. అంతే."

"మరి నా తైవాన్?"

"బస్సెక్కితెనే కక్కుకుంటవు, విమానమెక్కుతవా?" నాయనమ్మ ఐలవ్వ మధ్యలో అందుకుంది. "ముందుగాల పాస్‌పోర్టన్న రానియ్యి."

వర్షిత యాభై మూడు మంది ప్రొఫెసర్లకు మెయిల్ రాస్తే ఒక్కరే రమ్మన్నారు. అక్కడి యూనివర్సిటీ ల్యాబ్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్. ఖర్చులు వాళ్లవే. ఇరవయ్యో తేదీలోగా పాస్‌పోర్టు కాపీ పంపాలి.

సంబంధం కుదిరిందంటే తైవాన్ మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తరు.

ఆమె తిన్నగా పక్కింటికి వెళ్లింది.

"రామమ్మత్తా, నా గురించి ఎవరన్న అడగొస్తె ఖరాబుగ చెప్పు."

"ఎంత ఖరాబుగ?"

"మల్ల ఈ గల్లీ మొకం చూడొద్దు."

"గదెంత పని బిడ్డా."

నాలుగో రోజు, ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేనప్పుడు, గేటు ముందు బైకు ఆగింది. మామూలు చొక్కా, భుజాన సంచి. అతను తలుపు తట్టాడు.

వర్షిత కిటికీ సందులోంచి చూసింది. గడియ తీయలేదు.

అతను పక్కింటికి నడిచాడు. గోడ అవతల రామమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"పరశురాం బిడ్డనా? ఆ పిల్ల ఇక్కడెక్కడ ఉంటది సారూ. హైదరాబాద్‌ల ఎవలతోనో తిరుగుతదట. లొల్లి పిల్ల."

అతను గొంతు తగ్గించాడు.

"జర సోంచాయించి చెప్పమ్మా. పిల్ల బతుకు ముచ్చట."

"ఉన్నదే చెప్తున్న."

అతను మళ్లీ వచ్చి గేటు దగ్గర అరగంట నిలబడ్డాడు. ఇంకోసారి తలుపు తట్టాడు. ఆ తర్వాత వెళ్లిపోయాడు.

"పోయిండు బిడ్డా" రామమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "పాపం, మంచోని తీరే ఉన్నడు."

నాలుగు రోజులుగా అన్నం సయించని వర్షితకు ఆ పూట ఆకలి వేసింది.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు.

"అల్లాదుర్గం వాళ్లు ఫోన్ చేసిండ్రు" అన్నాడు పరశురాం. "వాళ్ల మనిషికి జరమట. ఇంక బయలెల్లనే లేదట. ఐతారం వస్తడట."

వర్షిత చేతిలో ముద్ద ఆగిపోయింది.

పొద్దున ఫోన్‌కు పాస్‌పోర్టు ఆగిందని వచ్చిన మెసేజ్ ఎడమ చేత్తో తీసి మళ్లీ చదివింది. పొద్దున అర్థం కానిది ఇప్పుడు అర్థమైంది.

"రేపు రామమ్మత్తను తీస్కొని ఠాణాకు పోత" అంది మెల్లగా, అందరికీ వినపడేలా. "నా మీద లేనిపోనివి చెప్పిచ్చింది నేనే అని ఒప్పుకుంట. ఇరవై తారీకు లోపల పని కాదని ఎరుకనే. అయినా పోత."

వడ్డిస్తున్న తల్లి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవలికి చెప్పిచ్చినవే? ఠాణాకెందుకు?" అంది ఐలవ్వ.

"మొన్న మనింటి ముంగట అరగంట నిలబడి పోయినాయన పెండ్లోళ్ల మనిషి కాదు నాయనమ్మా, నాకు పాస్‌పోర్టు ఇయ్యొచ్చని రాసిపోదామని వచ్చిన పోలీసాయన."