మంగాదేవి మోటారు

“అన్నయ్యగారూ, మోటారు మళ్ళీ ఆగిపోయిందండీ. కుళాయిలో చుక్క రావట్లేదు.”

దామోదర్ ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

“నిన్ననే బాగుజేసిన గదమ్మా.”

“చేశారండీ. ఏం చెయ్యను, మళ్ళీ ఆగింది. మూడైపోయింది, చీకటి పడకముందే వస్తారని...”

“నాకు ఇయాల ఇంట్ల పనుంది.”

“ఆ పనేదో రేపు చేసుకోండి.”

ఈ మాట వినడం సోమవారం నుంచి ఇది అయిదోసారి. అతను పనిముట్ల పెట్టె తీసుకుని బయటికొచ్చాడు. ఈ దేశంలో జులై అంటే నడి చలికాలం. పొద్దుటి పొగమంచు ఇంకా పచ్చిక మీద నుంచి లేవలేదు. హామిల్టన్‌కు నలభై నిమిషాల దూరంలో ఉన్న ఆ కంకర రోడ్డు మీద ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి అతనిది, రెండోది మంగాదేవిది.

దామోదర్ పాలపొడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. అయిదెకరాల స్థలంలో కోళ్ళు పెంచుకుంటూ బతకాలన్నది భార్య పుష్పలత కోరిక. ఆ కోరిక తీరిన రెండేళ్ళకే, మొన్న ఏప్రిల్లో, ఆమె పోయింది. అప్పటినుంచీ అతను ఒక్కొక్కటే సర్దేస్తున్నాడు. గడ్డి కోసే బండి అమ్మేశాడు. తాళంచెవులన్నిటికీ కాగితం ముక్కలు కట్టి, ఏది ఏ తలుపుదో రాసిపెట్టాడు. సోమవారం కోళ్ళను కూడా మలుపు దాటాక పెద్దరోడ్డు మీద ఉండే పాడి రైతుకు ఇచ్చేశాడు.

“టౌనుకు మారిపోతున్నావా?” అని ఆ రైతు అడిగితే, “అలాంటిదే” అన్నాడు.

సరిగ్గా ఆ సాయంత్రం మొదలైంది మంగాదేవి గొడవ. ఇంటి కప్పు మీద పాసమ్, అదే ఆ పిల్లంత అడవి జంతువు, తిరుగుతోందని, భయంగా ఉందని ఫోను. అతను వెళ్ళి నిచ్చెనెక్కి చూస్తే ఏమీ లేదు. “ఈ రాత్రికి ముందు గదిలో పడుకోండి అన్నయ్యగారూ” అని బతిమాలింది. మంగళవారం పొద్దున ఆమె గొర్రె బురదలో వెల్లకిలా పడి లేవలేకపోయింది. దాన్ని తిప్పి నిలబెట్టేసరికి అతని నడుం పట్టేసింది. బుధవారం గొర్రెలు దాటకుండా పెట్టిన కంచెలో కరెంటు పోయింది. నిన్న మోటారు. రోజూ రాత్రయ్యేసరికి మళ్ళీ పాసమ్ భయం, మళ్ళీ ముందు గది.

మంగాదేవి భీమవరం మనిషి. ముప్ఫై రెండేళ్ళు ఆసుపత్రిలో నర్సు. భర్త పోయిన ఈ ఆరేళ్ళలో కట్టెలు తనే కొట్టుకుంది, గొర్రెల కాన్పులు తనే చేసుకుంది. ఎవరినీ ఒక్క సాయం అడిగి ఎరగదు. వయసు మీద పడితే ఎంతటివాళ్ళయినా ఇంతేనేమో అనుకున్నాడు దామోదర్.

అన్నిటికన్నా బుధవారం అడిగిన సంగతే అతనికి చిరాకు తెప్పించింది.

“పుష్పలత వదినకిచ్చిన నిద్రమాత్రలు మిగిలాయా? నాకు నిద్ర పట్టట్లేదు.”

“ఒకరి మాత్రలు ఇంకొకరు మింగొద్దని నర్సుకు నేను జెప్పాల్నా?”

“నాకు తెలుసులెండి. ఉన్నవన్నీ ఇచ్చెయ్యండి.”

లేవన్నాడు. ఆమె కదల్లేదు. గుమ్మంలోనే అరగంట నిలబడింది. చివరికి విసుగొచ్చి సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఇప్పుడతను వాననీళ్ళ ట్యాంకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మోటారు మూత తీశాడు. మంగాదేవి టీ కప్పుతో వచ్చి వెనకాల నిలబడింది.

తీగ కాలలేదు, తెగలేదు. స్క్రూ విప్పి పక్కకు లాగి ఉంది. ఇత్తడి మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి.

అతను మెల్లగా లేచాడు.

“ఇది ఊడింది కాదు, విప్పింది. మీరే విప్పిన్రు.”

మంగాదేవి తలూపింది.

“కంచె గూడ మీరే జేసిన్రా? గొర్రెను?”

“గొర్రె దానంతటదే పడిందండీ. మిగతావన్నీ నేనే.”

దామోదర్ ముఖం ఎర్రబడింది. “నడుం ఇరిగినా, ఒంటరి మనిషి గదా అని ఉరికొస్తున్న. పనీపాటా లేని ముసలోడు, పిలిస్తే వస్తడు అనుకున్నరా? ఆటబొమ్మనా నేను?”

“ఎంతైనా తిట్టండి. పడతాను.” ఆమె టీ కప్పును ట్యాంకు గట్టు మీద పెట్టింది. “శరణ్య మధ్యాహ్నం ఆక్లండ్‌లో దిగింది. దారిలో ఉంది. ఇంకో గంటలో ఇక్కడుంటుంది.”

శరణ్య అతని ఒక్కగానొక్క కూతురు. ఉండేది డునెడిన్‌లో. ఆడపడుచు పెళ్ళికని పది రోజుల క్రితమే హైదరాబాదు వెళ్ళింది.

“నా బిడ్డనా? రేపు పెళ్ళి పెట్టుకొని ఎట్లొస్తది?”

“నేనే రమ్మన్నాను. టికెట్టు దొరకడానికి ఇన్ని రోజులు పట్టింది. అందాకా మిమ్మల్ని ఎలా ఆపాలో నాకు తెలియలేదు.”

“నన్ను ఆపుడేంది? దానికేం జెప్పిన్రు?” అతని గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

మంగాదేవి పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“సోమవారం మీ కూర గిన్నె ఇచ్చేద్దామని వచ్చాను. మీరు కోళ్ళ బుట్ట పట్టుకుని వెళ్ళారు. తలుపు తీసే ఉంది, గిన్నె బల్ల మీద పెడదామని లోపలికెళ్ళాను.”

దామోదర్ చేతిలోని స్క్రూడ్రైవర్ గడ్డిలో పడింది.

“శరణ్యకి మీరు రాసిపెట్టిన చివరి ఉత్తరం చదివాను, అన్నయ్యగారూ.”