ఖాళీ గిన్నె

ఊరు బాంబులకు కూలిపోయి పొల్తావా పట్నంలోని ఓ బడిలో తలదాచుకుంటున్న ఒదార్కా బామ్మకు, అక్కడ సాయం పంచే జ్లాతా గిన్నెడు బోర్ష్ చారు తెచ్చింది.

ఖాళీ గిన్నె తిరిగిస్తే పరువేం కాను? బామ్మ చక్కెర నింపి పంపింది.

“నేను పంచిన చక్కెర నాకేనా బామ్మా?” అంటూ జ్లాతా ఈసారి కుడుములు తెచ్చింది. బామ్మ సబ్బులు పెట్టి పంపింది. జ్లాతా ఆపిల్ పళ్లు తెచ్చింది. బామ్మ మేజోళ్లు పంపింది. ఎవరు నెగ్గుతారోనని బడంతా పందేలు కాసింది.

చివరికి జ్లాతా ఖాళీ గిన్నె బామ్మ చేతిలో పెట్టి చేతులెత్తేసింది. “నీకో దణ్ణం. గిన్నె నువ్వే ఉంచేసుకో.”

“నాదేనా? మాట మార్చవుగా?”

మర్నాడు పొద్దున్నే బామ్మ అదే గిన్నెతో జ్లాతా గుమ్మంలో నిలబడింది. నిండా పొగలు కక్కే బోర్ష్, బడి పొయ్యి మీద కాచింది.

“వేడిగా తాగు పిల్లా. గిన్నె నాది. ఖాళీగా పంపావో, నీ పని చెప్తా.”